చేతివణుకుకు వామనగుంటల పరీక్ష

నేను 1961 జనవరి 9వ తేదీన నూజివీడు తాలూకాలో, ఆగిరిపల్లికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ విజిటరుగా చేరాను. మంత్రసానులకు పైన, డాక్టరు గారికి కింద ఉండే ఉద్యోగం అది. గర్భిణులనూ పసిపిల్లలనూ ఇళ్లకు వెళ్లి చూడడం, చూసినదాన్ని రిజిస్టరులో రాయడం నా పని. ముసలివాళ్ల చేతివణుకుతో నాకు నిమిత్తం లేదు. కానీ సెకన్ల ముల్లున్న గడియారం ఆసుపత్రి మొత్తానికీ నా దగ్గరే ఉండేది. అందుకని ఒక ముసలాయన వణుకును కొలిచే పని డాక్టరు గారు నాకు అప్పగించారు.

రోగి పేరు వీరాస్వామి. అరవై ఆరేళ్లు. మామిడి అంట్లు కట్టడంలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు. కుండీలోని టెంక మొక్కను తల్లిచెట్టు కొమ్మ దగ్గరకు చేర్చి, రెండింటి బెరడూ ఒక్క కొలతలో చెక్కి, అరటినారతో బిగించి కడతారు. చెక్కుడు వంకరపోతే అంటు పట్టదు. అతని కుడిచెయ్యి రెండేళ్లుగా వణుకుతోంది. దానికితోడు మతిమరుపు. కిందటి వానల్లో చిన్నరసం కుండీలను బంగినపల్లి వరసలో పెట్టేశాడు. ఈసారి అంట్ల పని మానిపించి కాపలాకు పెడతానని తోట ఆసామి అన్నాడట. చెయ్యి కుదురుగా ఉందని డాక్టరు గారు కాగితం రాసిస్తే ఆలోచిస్తానన్నాడట.

"కాపలా అంటే పిట్టల్ని తోలడమేగా అమ్మగారూ. చెట్టుకు మొక్కని కట్టినోణ్ణి, చెట్టు కింద కూర్చోబెడతారంట," అన్నాడు వీరాస్వామి.

మందుల కంపెనీ మనిషి నమూనాగా ఇచ్చిపోయిన విటమిన్ ఇ, విటమిన్ సి మాత్రలు డాక్టరు గారి దగ్గర ఉన్నాయి. ఇప్పుడు పత్రికల్లో యాంటీ ఆక్సిడెంట్లు అంటున్నారే, ఆ కోవలోవే. ఆయన నాకు తేలిగ్గా బోధపరిచారు: కోసిన మామిడికాయ గాలికి నల్లబడుతుంది, నిమ్మరసం రాస్తే నల్లబడదు, మెదడూ నరాలూ అలాగే నల్లబడుతుంటే ఈ మాత్రలు నిమ్మరసంలా పనిచేయవచ్చు. చేస్తాయని ఆయన అనలేదు. చూద్దామన్నారు.

చూడడానికి కొలత కావాలి. వామనగుంటల పీట తెప్పించాను. పద్నాలుగు గుంటలు, గుంటకు నాలుగు చొప్పున యాభై ఆరు చింతగింజలు. ఒక్కొక్క గింజే తీసి అన్ని గుంటలూ నింపడానికి ఎన్ని సెకన్లు పడుతుందో రాసుకోవాలి. ఏప్రిల్ 10, సోమవారం నాడు అతనికి నూట ముప్పై సెకన్లు పట్టింది. రోజుకు రెండు మాత్రలు, వారానికి పద్నాలుగు. ప్రతి సోమవారం పరీక్ష పెట్టి, మరుసటి వారానికి మాత్రలిచ్చేదాన్ని. జూన్ 5 నాటికి ఎనిమిది వారాలు. ఆ రోజు ఎనభై ఎనిమిది సెకన్లు. నలభై రెండు సెకన్లు తగ్గింది. డాక్టరు గారు సంతోషించి, కాగితం బుధవారం రాస్తానన్నారు.

బుధవారం ఉదయం వాళ్ల పేటలో ఒక బాలింతను చూసి వస్తూ వీరాస్వామి ఇంటి ముందు ఆగాను. అరుగు మీద మట్టిలో రెండు వరసల గుంటలు తవ్వి ఉన్నాయి. అతను గింజలు వేస్తున్నాడు. భార్య నాగమ్మ పక్కన కూర్చుని గట్టిగా అంకెలు లెక్కపెడుతోంది.

నన్ను చూసి ఆమె నవ్వింది. "రండి నర్సమ్మగారూ. ఈయన రెండు నెల్ల నించీ ఇదే ఆటండి. మొగాడివై ఉండి వామనగుంటలేంటయ్యా అంటే, పరీక్షే పిచ్చిమొగమా అంటాడు. పొద్దున నాలుగాటలు, మాపటేల నాలుగాటలు!"

"మాత్రలు వేసుకుంటున్నావా తాతా?" అని అడిగాను.

నాగమ్మ లోపలికి వెళ్లి కాఫీ డబ్బా తెచ్చింది. "రెండు వారాలు మింగాడండి. ఆపైన మామిడిపళ్లు దిగినయ్. పండే వేడి, దాని మీద ఈ బిళ్లలు ఇంకా వేడని నేనే ఆపించా. పారెయ్యలేదండి, అన్నీ ఉన్నాయి."

లెక్కపెట్టాను. ఇచ్చినవి నూట పన్నెండు. డబ్బాలో ఎనభై నాలుగు ఉన్నాయి.

"డాక్టరు గారికి చెప్పేస్తారా అమ్మగారూ?" అని వీరాస్వామి అడిగాడు. చెప్పక తప్పదన్నాను. అతను గింజలన్నీ ఏరి మూట కట్టి నా చేతికిచ్చాడు.

తప్పు అతనిది కాదు. జిల్లాలో ప్రతి ఇంటా ఆడే ఆటను పరీక్షగా పెట్టినదాన్ని నేను. వారం వారం మాత్రలిచ్చాను గాని మింగావా అని ఒక్కసారీ అడగలేదు. ఈ రెండూ డాక్టరు గారికి చెప్పాను. ఆయన, అయితే ఇతను అంటు కట్టగలడో లేదో మనకిప్పటికీ తెలియదన్నమాట, అన్నారు. అంటు కట్టించి చూస్తే తెలుస్తుంది కదండీ, అన్నాను.

ఆయన ఆసామికి ఆ మాటే రాశారు. జూలై 12న ఒక చిన్నరసం చెట్టుకూ ఒక బంగినపల్లి చెట్టుకూ కలిపి వీరాస్వామి ఇరవై అంట్లు, వయసులో ఉన్న మరో పనివాడు ఇరవై అంట్లు కట్టారు. నేను సెలవు పెట్టి వెళ్లి చూశాను. వీరాస్వామి మోచేతిని కొమ్మకు ఆనించి, కత్తిని కదల్చకుండా పట్టుకుని, మొక్కను దాని మీదుగా లాగి చెక్కాడు. నార నాగమ్మ కట్టింది. రకం మరిచిపోకుండా చిన్నరసానికి ఎర్ర గుడ్డపీలిక, బంగినపల్లికి తెల్లది కుండీలకు చుట్టింది. "మతి ఆయనది పోయింది గానండి, నాది ఉందిగా," అంది.

సెప్టెంబరు 25న అంట్లను తల్లిచెట్ల నుంచి కోసి దించారు. రెండో పనివాడివి పద్దెనిమిది పట్టాయి. వీరాస్వామివి పదిహేడు. ఆసామి అతణ్ణి అంట్ల పనిలోనే ఉంచాడు.

ఆ మాత్రలు ముసలితనానికి పనికొస్తాయా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. మేము తేల్చలేదని చెబుతాను. ఇరవై ఎనిమిది మాత్రలతో ఏదీ తేలదు. తేలింది ఇంకొకటి: గింజలతో పరీక్ష పెడితే మనిషి గింజలు వేయడం నేర్చుకుంటాడు. చెయ్యి పనికొస్తుందో లేదో తెలియాలంటే ఆ చేతి పనినే కొలవాలి. నా సర్వీసులో తర్వాత ఏ మందు ఇచ్చినా, ఖాళీ డబ్బా తెచ్చి చూపించమని అడిగేదాన్ని. వీరాస్వామి 1967 వానల దాకా అంట్లు కట్టాడు.