రాయి తిన్న ఇల్లు

కోనసీమలో రాయి పుట్టదు. ఎక్కడ గునపం వేసినా ఒండ్రుమట్టి, దాని కింద ఇసక, ఆ కింద నీళ్ళు. చిన్నప్పుడు కుక్కను అదిలించాలన్నా మట్టిబెడ్డే విసిరేవాళ్ళం. నున్నటి గులకరాయి ఒకటి దొరికితే పుస్తకాల సంచిలో దాచుకునేవాళ్ళం. రాయి కావాలంటే గోదావరి అవతల, రాజమండ్రి వైపు క్వారీల నుంచి రావాలి. అందుకే మా వైపు పాత పెంకుటిళ్ళకు పునాదుల్లో ఇసక పోసి, నీళ్ళు కట్టి, దాని మీదే ఇటుక పేర్చేవారు. అవి ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. రాయి పోసి కట్టిన మా ఇల్లే నిలబడలేదు.

మా పేట రాజోలు దగ్గర. తాతల నాడు చర్చిలో చేరిన కుటుంబాలు మావి. అప్పటిదాకా పాలేర్లు, కూలీలు. నాన్న తరానికి వచ్చేసరికి కొందరు బడి మాస్టర్లయ్యారు. నాన్న కూడా ఎలిమెంటరీ బడిలో మాస్టారే. అమ్మ మాత్రం పెళ్ళయ్యేదాకా ఊడ్పులకీ కోతలకీ వెళ్ళిన మనిషి. ఇల్లు మట్టిగోడలు, తాటాకు కప్పు. నేను హైస్కూల్లో ఉండగా ఒక ముసురులో ఆ మట్టిగోడ నాని కూలి, పక్కనే పడుకున్న మా చెల్లి మీద పడింది. బడి ఈడు రాకుండానే పోయింది. మట్టి మొత్తం అమ్మ తన చేతులతోనే తోడింది, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ఆ తర్వాత అమ్మ గోడ పక్కన పడుకోలేదు. వంటపాక చూరు కింద నులకమంచం వేసుకునేది. వానొస్తే తాటాకు తడక అడ్డం పెట్టుకునేది. మంచు కురిసినా, దోమలు పీకినా అక్కడే. నాన్న బతిమాలాడు, కోప్పడ్డాడు, చర్చి పెద్దల చేత చెప్పించాడు. అమ్మది ఒకటే మాట.

"రాయి మీద నిలబెట్టిన గోడ చూపించండి, లోపలికొస్తాను."

ఈ రాయి పిచ్చి ఆమెకు లాకుల దగ్గర పట్టుకుంది. పెద్దకాలువ మీద పడవల్ని దాటించడానికి తెల్లవాళ్ళ నాడు కట్టిన లాకులున్నాయి, రెండు పక్కలా రాతిగోడలు. ఎన్ని వరదలు వచ్చినా వాటికి చెమట కూడా పట్టలేదని అమ్మ అనేది. ఆమె చూసిన ప్రపంచంలో కదలనిది అదొక్కటే. నాన్న కూడా ఆ మాట పట్టుకున్నాడు. రాతి పునాది మీద ఇల్లు కట్టి, భార్యను లోపల పడుకోబెట్టాలి. అదే ఆయన జీవితానికి పనైపోయింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. మా నాన్న పెళ్ళి చేసుకున్న పాపానికి ఇల్లు కట్టాడు.

డెబ్బైల చివర్లో పేటవాళ్ళకు ఇళ్ళస్థలాలిచ్చారు. మాకు వచ్చిన ముక్క ఒక కొబ్బరితోట అంచున ఉంది. మంచివి మాకెప్పుడు ఇచ్చారు కనుక! అది ఒకప్పుడు పెద్ద గుంట. తోట ఆసామి కొబ్బరికాయలు ఒలిపించిన పీచు డొక్కలన్నీ ఆ గుంటలో పోయించేవాడు. మా తాతలు పోశారు, నాన్న చిన్నప్పుడు తట్టలతో మోసి పోశాడు. నిండాక కాలువ పూడిక మట్టి తెచ్చి పైన పరిచి చదును చేశారు. ఈ సంగతి పేటలో అందరికీ తెలుసు.

తాపీమేస్త్రి కొత్తపేట నుంచి వచ్చాడు. అమ్మకు వరసకు అన్న, నాకు మావయ్య. స్థలం చుట్టూ తిరిగి తల గోక్కున్నాడు.

"అడుగున డొక్కలున్నాయి కదండీ బావగారూ. కాస్త ఆలోచించండి" అన్నాడు.

నాన్నకు భయం వేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు పెద్దల్ని కూర్చోబెట్టి అడిగాడు. వాళ్ళలో పెద్దాయన జీవితమంతా పీచు పని చేసినవాడు. ఆయన నవ్వేశాడు.

"డొక్క నీళ్ళల్లో చెడదండీ మాస్టారూ. నెలల తరబడి ఊరబెట్టి, బాది, తాడు పేనట్లేదేంటండీ మనం? పడవల్ని కట్టేది ఆ తాడుతోనే కదండీ. నానేకొద్దీ గట్టిపడుద్ది. మీరు పైన రాయి దట్టంగా పోసి దిమ్మిస కొట్టించేరనుకోండి, ఇంకది కదిలే ప్రసక్తే లేదండి."

"ఆయ్, నిజమేనండి" అన్నారు అందరూ. మావయ్య కూడా చివరికి "ఆయ్" అన్నాడు.

ఇంకో ఊరివాళ్ళయితే చెత్తగుంట మీద మేడేమిటని ముక్కున వేలేసుకునేవారు. మేం డొక్క మీద బతికినవాళ్ళం, అందుకని డొక్కను నమ్మాం. నీళ్ళల్లో నిలిచేది పీచు ఒక్కటే. పీచును పట్టుకున్న మెత్తటి పొట్టు అంతా కుళ్ళిపోతేనే అది చేతికి వస్తుంది. ఈ రెండో ముక్క అక్కడ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఆ రోజు ఒక్కడి నోటా రాలేదు. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

వేసవిలో నీళ్ళు ఆపి కాలువలు కట్టేస్తారు. ఆ లోపలే రాయి చేరాలి. లాకుల దాకా లారీ వచ్చింది, అక్కణ్ణుంచి పడవ, రేవు నుంచి తట్టలు. నల్లగా, అంచులు కత్తుల్లా ఉన్న కంకర. నేను అమలాపురంలో కాలేజీకి సెలవు పెట్టి వచ్చాను. పేట ఆడవాళ్ళంతా నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని మోశారు. ఎవరూ కూలి అడగలేదు. మా చెల్లి సంగతి అందరికీ గుర్తుంది. పాస్టరుగారు ప్రార్థన చేశాక ఇంటికొకరు చొప్పున పునాది గోతిలో ఒక్కో రాయి వేశారు. మా పేటలో అది ఆచారం. రేపు ఏదైనా అయితే అందరి చెయ్యీ ఉన్నట్టని. అమ్మ తట్టెడు పోసి, గోతిలోకి దిగి, మడమతో తొక్కి చూసింది.

నడుములోతు తవ్వగానే నీళ్ళు ఊరాయి. ఇంక దిగడానికి లేదు. ఆ నీళ్ళల్లోనే కంకర పోసి దిమ్మిసలతో కొట్టారు. సాయంత్రం సమంగా ఉన్న రాయి పొద్దున చూస్తే నీళ్ళ అడుగుకి పోయి ఉండేది. మళ్ళీ పోసేవారు, మళ్ళీ కొట్టేవారు. దిమ్మిస దెబ్బకు నేల గట్టిగా మోగే దాకా వదలొద్దని నాన్న పట్టు. ముందుభాగం అలాగే మోగింది. వెనక గది వంతు వచ్చేసరికి కంకర అయిపోయింది. కాలువ కట్టేశారు, పడవ రాదు. వానలు పడితే గోతులు చెరువులవుతాయి. మిగిలిన కాస్త రాయికి ఇటుకముక్కలు కలిపి అక్కడ సరిపెట్టారు.

"ఇంక దిగదు కదా అన్నయ్యా?" అని అమ్మ మావయ్యని అడిగింది.

"దిగదమ్మా. ఏనుగెక్కినా దిగదు."

ఇల్లు లేచింది. ఇటుక గోడలు, పైన శ్లాబు. గృహప్రవేశం నాడు పేటంతా భోజనాలు చేసి వెళ్ళాక అమ్మ తన నులకమంచం తనే మోసుకుని వెనకగదిలో గోడవారగా వేసుకుంది. పడుకుంది. నిద్రపోయింది. అన్నేళ్ళ తర్వాత అమ్మ నోరు తెరుచుకుని గుర్రుపెట్టడం విన్నాను. నాన్న గుమ్మంలో నిలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఏడాది వానలు వెళ్ళాక వెనకగది కిటికీ మీద సన్నటి బీట కనిపించింది. ఇటుక వరసల వెంట మెట్లుమెట్లుగా పైకి పాకింది. నాన్న సిమెంటు కలిపి, అమ్మ రేవుకి వెళ్ళిన వేళ చూసి పూసేశాడు. తర్వాతి వానలకు పూత కూడా చీలింది. గచ్చు మీద నిమ్మకాయ పెడితే వెనకగోడ దాకా దొర్లుకుంటూ పోయేది.  అమ్మ బీట మీద అరచెయ్యి ఆనించి నిలబడింది, అంతే. ఆ రోజు నుంచి ఆమెకు మళ్ళీ నిద్ర కరువైంది.

మావయ్య వచ్చి చూసి తలవంచుకున్నాడు. గోడ పక్క తవ్వి, పునాది కిందికి కంకర కూరితే ఆగొచ్చన్నాడు. కూరారు. ఓ ఏడాది ఆగింది. మళ్ళీ దిగింది. మళ్ళీ కూరారు. అక్కడి నుంచి ప్రతి వేసవికీ ఇదే తంతు. ఎంత పోసినా ఎక్కడికి పోయేదో తెలీదు. "మా ఇల్లు మాకంటే బాగా తింటోందండీ" అని అమ్మ పొరుగావిడతో అనేది. నవ్వుతూనే అనేది. వినలేక నేను లేచి వెళ్ళిపోయేదాన్ని.

ఎనభైల్లో తాటిపాక వైపు భూమిలోంచి గ్యాసు తీసే పనులు మొదలయ్యాయి. రాయి లారీలు బారులు తీరాయి. మేం తట్టల్లో పువ్వుల్లా మోసుకున్న రాయి రోడ్డు పక్కన కొండలుగా పడి ఉండేది. దాన్ని చేలల్లో పరిచి, దాని మీద తాటిచెట్ల కంటే ఎత్తయిన ఇనుప యంత్రాలు నిలబెట్టారు. అవి కదల్లేదు. బడి నుంచి వస్తూ నాన్న సైకిలు దిగి ఆ గుట్టల వంక చూస్తూ నిలబడేవాడు.

అప్పటికి నేను కూడా టీచరునయ్యాను. ముమ్మిడివరంలో కాపురం. సెలవుకి వచ్చినప్పుడు చూశాను, బీటలో నా వేళ్ళు పట్టేటట్టున్నాయి. అమ్మ కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది.

"మంచం బయట వేసుకోవే అమ్మా! ఎవరి కోసం ఈ గోడ కింద?"

అమ్మ వీధిలోకి చూసి, నాన్న లేడని తేల్చుకుని, మెల్లిగా చెప్పింది.

"నేను బయటికెళ్తే మీ నాన్నగారు బతకరే. ఈ ఇల్లు నా కోసం కట్టేరు. నేను లోపల పడుకుంటున్నానని ఆ ఒక్క ధైర్యంతో తిరుగుతున్నారాయన."

నాన్న వచ్చాక ఆయన్నీ వదల్లేదు. ఇల్లు వదిలేసి ఎక్కడైనా అద్దెకుండమన్నాను. ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ అన్నాడు.

"మీ అమ్మ ఇన్నాళ్ళకి లోపల నిద్రపోతోంది. మళ్ళీ చూరు కిందికి పంపమంటావా?"

ఆమె పడుకుంటుందే తప్ప నిద్రపోదని నేను చెప్పలేదు. చెప్తే అమ్మ ఇన్నేళ్ళు కాసుకున్నది పోతుంది. చెప్పకపోతే అమ్మే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరుకున్నాను. చెప్పినా వాళ్ళిద్దరూ వినేవాళ్ళు కారు.

ఎన్నేళ్ళని మనిషి నిద్ర లేకుండా ఉంటుంది? చిక్కి సగమైంది. ఒక వానాకాలం జ్వరంతో మంచం పట్టి మళ్ళీ లేవలేదు. గోడ ఆమె మీద పడలేదు. పడుతుందేమోనన్న భయమే తినేసింది. ఆమె పోయిన మరుసటి ఏడాది వానలకు వెనకగది కూలింది. అప్పటికి అందులో ఎవరూ లేరు. నాన్న పెరట్లో వేసుకున్న వంటపాక చూరు కింద ఉంటున్నాడు.

అమ్మకు సమాధి కట్టాల్సిన రోజు సంగతి చెప్పాలి. మా శ్మశానంలోనూ ఇదే నేల. గొయ్యి తవ్వితే నీళ్ళు వస్తాయి, తోడిపోసి పెట్టెను దించాలి. మట్టి సర్దుకున్నాక దాని మీద కంకర పరిచి, ఇటుకతో సమాధి కట్టి, తలవైపు సిలువ నిలపడం పద్ధతి. చెల్లెలి రుణం తీర్చుకోవాలని మావయ్య ఇటుకా కంకరా బండి మీద వేసుకుని కొత్తపేట నుంచి వచ్చాడు. నాన్న శ్మశానం గేటు దగ్గరే బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు బావా. దాని మీద ఏ బరువూ పెట్టొద్దు" అన్నాడు.

మావయ్య చేతులు జోడించి బతిమాలాడు. పాస్టరుగారు చెప్పారు. నాన్న కదల్లేదు. బండి అలాగే తిరిగిపోయింది.

ఏటా సమాధుల పండగకి పేటంతా శ్మశానానికి వస్తుంది. ఎవరివాళ్ళ సమాధులకు వాళ్ళు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. నాన్న ఉన్నన్నాళ్ళు చోటు చూపించేవాడు. ఆయన పోయాక రెండు మూడు వరదలకే ఆ మట్టి చదునైపోయింది. ఇప్పుడు కొవ్వొత్తి పట్టుకుని వెళ్తాను. అమ్మ ఎక్కడుందో తెలీదు. ఎక్కడ కాలు పెడితే ఆమె మీద పడుతుందోనని గేటు దగ్గరే నిలబడి, కొవ్వొత్తి కాలిపోయేదాకా ఉండి, వచ్చేస్తాను.