తొమ్మిది సెకన్ల తేడా

2004 వసంతంలో నన్ను మా సంస్థ షికాగో ఆఫీస్‌లో ప్రోగ్రామర్ అనలిస్ట్‌గా వేశారు. రోజూ నేపర్‌విల్ నుంచి రైలెక్కి వెళ్లేవాణ్ణి. ఏ పాట రేడియోలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టడం మా పని. ఆ లెక్కల మీదే వారం వారం పాటల ర్యాంకులు వెలువడేవి. నాకు అప్పగించింది ట్రాపికల్ విభాగం, అంటే సల్సా, మెరెంగే, బచాటా వంటి కరీబియన్ దీవుల స్పానిష్ డాన్స్ పాటలు. నాకు స్పానిష్ ముక్క రాదు. అదొక లోటని అనుకోలేదు. వినేది నేను కాదు, నేను రాసిన సాఫ్ట్‌వేర్.

ప్రతి పాటకూ వేలిముద్రలాంటి ఒక గుర్తు తయారుచేసి పెట్టుకుంటాం. ప్రసారంలో ఆ గుర్తు దొరికితే ఒక ప్లే నమోదవుతుంది. అంతవరకూ ఆ పని చెవులతో చేసిన మనిషి కార్మెన్. డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన ఆవిడ పన్నెండేళ్లుగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు నమోదు చేస్తోంది. ఒక వారంపాటు రెండు జాబితాలూ పోల్చి నేను రిపోర్ట్ ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ నెగ్గితే ఆవిడ ఉద్యోగం పోతుంది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

వారం తిరిగేసరికి ఒక మెరెంగే పాట కార్మెన్ జాబితాలో నలభైసార్లు ఉంది, సాఫ్ట్‌వేర్ జాబితాలో ఇరవైసార్లే. అలసట వల్ల జరిగిన మానవ తప్పిదమని డ్రాఫ్ట్‌లో రాసిపడేశాను. నా కోడ్ మీద నాకంత ధీమా. మేనేజర్ సుధీర్‌ది నెల్లూరు, వయసులో నాకన్నా చాలా చిన్న. "ఇంకేం చెక్ చేస్తారు రావుగారూ, సబ్మిట్ చేసేయండి," అన్నాడు.

రిపోర్ట్ మీద నాదీ కార్మెన్‌దీ ఇద్దరి సంతకాలూ ఉండాలన్నది నియమం. కార్మెన్ చదివి, కోప్పడకుండా, తేడా వచ్చిన ప్లేలు ఏ స్టేషన్‌వని అడిగింది. చూశాను. అన్నీ ఒకే స్టేషన్‌వి.

"వాళ్లు పాటని కొంచెం స్పీడ్ పెంచి వేస్తారు మిస్టర్ రావ్. మీ సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి చెప్పారా?" అంది.

హెడ్‌ఫోన్స్ నాకిచ్చింది. డిస్క్ విన్నాను, రేడియో రికార్డింగ్ విన్నాను. నిజం చెప్పాలంటే నాకేమీ తేడా తెలియలేదు. స్టాప్‌వాచ్ తీశాను. మొదటి దరువు నుంచి చివరి దరువు దాకా డిస్క్ మీద నాలుగు నిమిషాలున్న పాట, రేడియోలో తొమ్మిది సెకన్లు ముందే అయిపోయింది. గంటలో ఇంకో ప్రకటన ఇరికించడానికి కొన్ని స్టేషన్లు అలా చేస్తాయట. వేగం మారితే మా గుర్తు కలవదు. నాకు సిగ్గేసింది.

సాఫ్ట్‌వేర్ పరీక్షలో తప్పిందని, ట్రాపికల్ విభాగంలో కార్మెన్ పోస్టు కొనసాగాలని తిరగరాశాను. సుధీర్ మొహం మాడ్చుకున్నాడు. "మన ప్రాజెక్ట్‌ని మనమే ఫెయిల్ చేసుకున్నట్టు కాదా అండీ?" అన్నాడు. ఫెయిలైంది నా కోడ్, బాగుచేసేదీ నేనే అన్నాను. నాలుగు నెలల్లో చేశాను కూడా. ప్రతి మార్పునూ కార్మెన్ జాబితాతో సరిచూశాకే వదిలాం. ఆవిడ ఆ సీట్లోనే ఉండి, వయసొచ్చాక తనంతట తానే రిటైరైంది.

రెండు లెక్కలు కలవనప్పుడు, మనిషి తప్పని రాసేముందు ఆ మనిషినే అడగాలని అక్కడ నేర్చుకున్నాను. ఆ అలవాటు వల్ల నేను రిటైరయ్యేలోగా ఇంకో మూడు రిపోర్టులు తిరగరాయాల్సి వచ్చింది. మూడింటిలోనూ తప్పు నాదే.