మూడో కిటికీ బోర్డు

నాకు అక్షరాలు వచ్చింది అరవయ్యో ఏట, ఆసుపత్రిలో ఆయా కొలువు మానుకున్న తర్వాత. అందుకే ఇది ఇంతకు ముందు రాయలేకపోయిన. నోటితో చెప్పుకుందామంటే నోరు రాలేదు. మొన్న కరీంనగర్‌లో కంప్యూటర్ కొలువు చేసే నా మనుమరాలు ఫోన్లో ఎవరినో సముదాయిస్తుంటే, ఏమయిందే అని అడిగిన. ఆసుపత్రుల్లో రోగుల వివరాలు చూపించే వాళ్ల పని ఒక్క సర్వర్ మీద కాదట, నాలుగింటి మీద నడుస్తుందట, ఒకటి ఆగినా జనానికి ఆగకుండా. అసలు లెక్క ఒక్కచోటే ఉంటుంది గానీ, ప్రతిసారీ అక్కడిదాకా పోతే ఆలస్యమని నాలుగూ తలా ఒక నకలు దగ్గర పెట్టుకుంటాయట. అసలుది మారినప్పుడు నకళ్లన్నీ తుడవాలి. ఒకదానికి కబురు అందకపోతే అది మాత్రం అడిగినవాళ్లకు పాతదే చెబుతుంటుంది. ఆ రోజు ఒకటి అట్లనే చేసిందట.

"రెండు నిమిషాలే అమ్మమ్మా, ఎవరికీ తెల్వది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

బెల్లంపల్లి దిక్కు ఒక ఆసుపత్రిలో నేను ఆయాగా చేరిన రోజుల్లో, రోగుల జాడ చెప్పడానికి మూడు కిటికీలుండేవి. ఒక గుమాస్తా చాయకు పోయినా ఇంకొకరు చెబుతారని అట్ల పెట్టిండ్రు. అసలు పుస్తకం లోపల పెద్ద గదిలో ఉండేది. పొద్దున్నే దాన్ని చూసి, ఎవరు ఏ వార్డులో ఉన్నరో, ఎవరు ఇంటికి పోయిండ్రో మూడు బోర్డుల మీదా సుద్దతో రాసేవారు. నడుమ ఏదన్నా మారితే చీటీ రాసి నా చేతికిచ్చేవారు. నేను మూడు కిటికీలూ తిరిగి చూపిస్తే గుమాస్తాలు పాత వరుస తుడిచి కొత్తది రాసుకునేవారు. చదువు రాని నాకు ఆ పని ఎందుకిచ్చిండ్రంటే, నా కాళ్లు గట్టివని.

ఒకరోజు ఉట్నూర్ అవతలి పల్లె పిల్లను, కొత్తగా పెళ్లయినదాన్ని, జ్వరం తగ్గింది, ఇంటికి పంపుతున్నామని పొద్దున బోర్డుల మీద రాసిండ్రు. ఇంకా బయలుదేరకముందే జ్వరం తిరగబెట్టింది. డాక్టరు ఆమెను ఆపి వెనక వార్డుకు మార్చిండు. ఆ చీటీయే నా చేతికొచ్చింది. అందులో ఎవరి పేరుందో నాకు తెలియదు. రెండు కిటికీలు తిరిగిన. మూడోదాంట్లో గుమాస్తా అన్నానికి పోయిండు. చీటీ ఆయన బల్ల మీద పెట్టిన, ఇంతలో వార్డులో పిలిస్తే ఉరికిన. తిరిగొచ్చేసరికి గుమాస్తా కూర్చొని ఉన్నడు, బల్ల మీద చీటీ లేదు. రాసుకున్నడనుకున్న. బోర్డు నిండా తెల్లటి గీతలు. పాతవో కొత్తవో నాకేం తెలుసు?

అప్పుడే ఆ పిల్ల తల్లి మూడు బండ్లు మారి ఆ కిటికీ కాడికి వచ్చింది. గుమాస్తా బోర్డు చూసి, "నీ బిడ్డ పొద్దుగాలనే ఇంటికి పోయింది, పో" అన్నడు. ఆమెకు నమ్మకం కుదరలేదు. నా చెయ్యి పట్టుకొని, "అక్కా, జర నువ్వు సదువు, గట్లనే రాసున్నదా?" అని అడిగింది. తెల్లచీర కట్టుకొని ఆసుపత్రిలో తిరిగేదాన్ని, చదువు రాదని చెప్పడం నామోషీ అనిపించింది. బోర్డు దిక్కు చూసి, పెదవులు కదిలించి, "గట్లనే ఉన్నది, ఫికర్ చేయకు" అన్న.

ఆమె మొహం విచ్చుకుంది. సంచిలోని జొన్నరొట్టెలు నా చేతిలో పెట్టి, "బిడ్డ లేకపాయె, నువ్వే తిను" అని జీపెక్కి పోయింది. నేను తిన్న.

పొద్దుగూకకముందే ఆ పిల్ల ప్రాణం పోయింది. తల్లి కోసం, అవ్వ వచ్చిందా అని చివరిదాకా అడిగిందని నర్సు చెప్పింది. చీటీ బల్ల కింద దొరికింది. "సదువురానిదాన్ని తిప్పితే గింతే" అని గుమాస్తా నలుగురిలో అన్నడు. ఆయనను ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, అదే నాకు ఇప్పటికీ మంట.

ఇప్పుడు సుద్దబోర్డులు లేవు, చీటీలు మోసే ఆయాలు లేరు, కబురు తీగల్లోంచి పోతుంది. నా ఈడువాళ్లం అన్నీ మారినయని మురుస్తుంటం. రెండు నిమిషాలంటే ఒక తల్లి జీపెక్కి పోయేంత సేపని నా మనుమరాలికి ఎవరు చెప్పాలె?

ఆ పిల్ల పోయిన తెల్లారి, గుమాస్తాలు బోర్డులు రాసి చాయకు పోయినంక, నేను తడిగుడ్డతో మూడింటినీ తుడిచేసిన. ఆ పూటంతా ఎవరేది అడిగినా గుమాస్తాలే తిట్టుకుంటూ లేచి, లోపలికి పోయి పుస్తకం చూసి రావలసి వచ్చింది. వరుస గేటు దాకా పెరిగింది. నన్ను అడిగినవాళ్లతో మాత్రం, "నాకు సదువు రాదు, జర ఆగుండ్రి" అని చెప్పిన.