సైకిల్ గంట మోగితే వచ్చే గుండె జబ్బు

నిక్షేపంలాంటి ఆరోగ్యం ఉన్న మనిషి, ఎవరి సాయమూ లేకుండా, కేవలం తన తెలివితో తనకు గుండె జబ్బు అంటగట్టుకుని, కాపురాన్ని బస్టాండు దాకా ఎలా నడిపించగలదో తెలుసుకోవాలని ఉంటే ఇది చదవండి. పక్కన చిన్నపిల్లలుంటే మాత్రం పైకి చదవకండి. కంగారేమీ లేదు, నేను రోజూ దీపం పెట్టుకునే మనిషినే. దేవుడి ముందు చెప్పలేని మాట ఇందులో ఒక్కటీ రాయను.

నేను బడి మొహం చూడలేదు. పాలకుర్తి దగ్గర మా ఊళ్ళో మా బాపే, అంటే మా నాన్నే, నాకు గురువు. అక్షరాలు, ఎక్కాలు, పంచాంగం, పురాణాలు అన్నీ ఆయన పెట్టిన భిక్షే. అయితే పురాణంలో రాకుమారి రాకుమారుణ్ణి చూసే ఘట్టం రాగానే బాపు గొంతు సవరించుకుని, కళ్ళజోడు తుడుచుకుని, నాలుగైదు పేజీలు ఒకేసారి తిప్పేసేవాడు. మళ్ళీ కథ అందుకునేసరికి వాళ్ళ కొడుకు విలువిద్య నేర్చుకుంటూ ఉండేవాడు! నా చదువులో ఉన్న గుంత సరిగ్గా ఆ పేజీలంత. నేను పడింది అందులోనే.

డెబ్బైల చివర్లో పెళ్ళయి ఖిలా వరంగల్ వచ్చాను. ఆయన బట్టల మిల్లులో గుమాస్తా. సాయంత్రం కోట గుమ్మం దాటగానే సైకిల్ గంట మోగించేవారు. ఆ గంట చెవిన పడిందా, నా గుండె రోకలిపోటు అందుకునేది. చెవులు పెనం మీద రొట్టెల్లా కాలేవి. ఒళ్ళంతా చెమట పట్టేది, ఊపిరి అందేది కాదు. ఆయన దగ్గరికొచ్చి మంచినీళ్ళు అడిగితే చెంబు నా చేతిలో తాళం వేసేది. పొద్దున ఆయన పనికి వెళ్ళిపోయారా, అదే గుండె మేత మేసిన బర్రెలా నింపాదిగా నడిచేది.

మా ఊళ్ళో ఒక పెద్దాయన గుండె ఆగి పోయాడు. పోయే ముందు దడ, చెమట, ఆయాసం. ఈ మూడూ నాకు ఉన్నాయి. ఇంకేం కావాలి? దేవుణ్ణి చూసి భక్తుడికి ఒళ్ళు పులకరిస్తే అది భక్తి అని బాపు చెప్పాడు. సైకిలు దిగుతున్న గుమాస్తాను చూసి పులకరిస్తే ఏమనాలో చెప్పలేదు. కాబట్టి జబ్బే అని తేల్చేశాను. డాక్టర్లకు ఏళ్ళు పట్టే పని నాకు ఒక్క పూటలో అయిపోయింది!

వైద్యం కూడా నేనే మొదలుపెట్టాను. గంట మోగగానే పెరట్లోకి పరుగు. చాప తీసుకెళ్ళి అత్తమ్మ పక్కన పరుచుకున్నాను. ఆయన రెండు మూడు రోజులు చూసి, వంటింటి గుమ్మంలో నిలదీశారు.

"ఏమైందే? నేనంటే ఇష్టం లేదా?"

"అయ్యో, గట్లెందుకంటరు? మీరు శాన మంచోరు."

"మరి?"

"మీరు దగ్గరికొస్తే నాకు సావు యాదికొస్తాంది."

కొత్త పెళ్ళాం నోట ఇలాంటి మాట విన్న మగవాడు ఏమైపోతాడో మీరే ఊహించుకోండి. మర్నాటి నుంచి గంట మోగించడం మానేసి, సైకిలును దొంగలా నడిపించుకుంటూ వచ్చేవారు. అలా హఠాత్తుగా ఎదురుపడితే నా దడ రెండింతలయ్యేది. పాపం ఆయన మొహం మాత్రం వాడిన తోటకూరలా అయిపోయింది.

అత్తమ్మకు సంగతి చెప్పక తప్పలేదు.

"గుండె జబ్బా? ఎప్పటిసంది బిడ్డా?"

"మీ ఇంటికొచ్చిన కాడిసంది."

ఆవిడ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఇంటిల్లిపాదికీ దగ్గొచ్చింది గాని నాకు దడ తగ్గలేదు.

కబురు ధర్మసాగర్ చేరింది. అక్కడుండే మామయ్య చెల్లెలు, మేమంతా చిన్నత్త అని పిలిచే ఆవిడ, పరుగున వచ్చి చెప్పులు విడవకుండానే తీర్పు ఇచ్చింది. "రోగం దాసి పిల్లనిచ్చిన్రు వదినె! ఇంకేం జూస్తాన్రు? తల్లిగారింటికి తోలుండ్రి. మనోనికి నేను ఇంకో సంబంధం జూస్త."

నవ్వుతూ రాస్తున్నాను గాని, ఆ రోజు పెట్టె సర్దుతుంటే నా కన్నీళ్ళకు చీరలన్నీ తడిశాయి. ఆయన వచ్చి పెట్టెకు తాడు కట్టిపెట్టారు. భార్యకు తానే గిట్టనప్పుడు ఏమని ఆపుతారు? నేనేమో నా చావు ఆయన కళ్ళ ముందు జరగకూడదని త్యాగం చేస్తున్నాను మరి!

ఎన్నడూ నోరు విప్పని మామయ్య ఆ రోజు విప్పాడు. "తోలుడు ఎప్పుడన్న తోలొచ్చు. ఒక్కపారి దవాఖానల సూపిద్దాం. డాక్టరమ్మ అవునంటె అటునుంచి అటే బస్సెక్కిద్దాం."

అందుకని పెట్టె కూడా మాతో దవాఖానకు వచ్చింది. మామయ్యా, ఆయనా పెట్టెతో బయట కూర్చున్నారు. నేనూ అత్తమ్మా లోపలికి వెళ్ళాం. డాక్టరమ్మ చాలాసేపు గుండె విని తల ఊపింది.

"గుండె గడియారం లెక్క నడుస్తాంది. దడ ఎప్పుడొస్తది?"

"సైకిల్ గంట ఇనవడితే."

"ఏ సైకిల్ గంటకన్నా వస్తదా?"

"లేదమ్మా. పాలాయన గంటకు రాదు."

డాక్టరమ్మ నన్ను చూసింది, అత్తమ్మను చూసింది, లేచి తలుపు తీసి ఆయన్ను లోపలికి పిలిచింది. "ఆమె చెయ్యి వట్టుకోండి."

"మా అమ్మ ఉన్నది గదా మేడం," అన్నారు ఆయన గోడను చూస్తూ.

"నాడి సూసేటందుకే. పట్టుకోండి."

పట్టుకున్నారు. నా రెండో మణికట్టు డాక్టరమ్మ వేళ్ళ కింద ఉంది. నాడి కోట గుర్రంలా దౌడు తీసింది. ఆవిడ ఆయన్ను బయటికి పంపేసి, కుర్చీలో పడి పడి నవ్వింది. "నీకు జబ్బు లేదు చెల్లె. మొగడంటే ఇష్టం ఉంది, అంతే!"

భూమి చీలితే బాగుండుననిపించింది. అత్తమ్మకు నమ్మకం కుదరలేదు. "గట్లెట్ల జెప్తవ్ డాక్టరమ్మా?"

"నేను జెప్పుడు కాదు పెద్దమ్మా. దూరదేశంల డాక్టర్లు ఏండ్లకేండ్లు ఇదే పని వెట్టుకున్నరు. ఇష్టపడి ముందుకొచ్చినోళ్లకు తీగెలు తగిలిచ్చి, దగ్గరితనంల గుండె ఎట్ల కొట్టుకుంటది, ఊపిరి ఎట్ల పెరుగుతది, ఒళ్ళెందుకు వేడెక్కుతది, అన్నీ కొలిచి చూసిన్రు. మొగోళ్లకైనా ఆడోళ్లకైనా ఒళ్ళు గట్లనే పలుకుతది. అది రోగం కాదు."

"గవ్వి గూడ కొలుస్తరా? సిగ్గు లేదాయె!"

"సిగ్గువడి కొలవకపోతే ఇయ్యాల నీ కోడలు యాడుంటుండె?"

అత్తమ్మ బయట పెట్టె ఉన్న వైపు చూసింది. "బస్టాండుల," అంది మెల్లగా.

ఆ ముక్కూమొహం తెలియని మనుషులకు నా మనసులో దండం పెట్టుకున్నాను. మా బాపు తిప్పేసిన పేజీలను ఎవరో ఓపికగా కూర్చుని, కొలిచి, చదివి పెట్టారు. వాళ్ళు ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళో నాకు తెలియదు. నా కాపురం నిలబెట్టారు. చల్లగా ఉండాలి.

ఇక లేవబోతుంటే అత్తమ్మ కదల్లేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "ఆడోళ్లకు గూడ అన్నవ్ గదా బిడ్డా?"

"అవును పెద్దమ్మా."

"పెండ్లైన కొత్తల నాకు గూడ గిట్లనే ఉండె. దయ్యం వట్టిందని మా అత్త ఏపమండలతోని కొట్టిపిచ్చింది. ఆ దెబ్బలకు దడ వోయింది. మళ్ళ రాలె."

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. నేను అత్తమ్మ చేయి పట్టుకున్నాను. ఆవిడ మాత్రం ముక్కు తుడుచుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"గా తీగెల ముచ్చట మళ్ళొక్కపారి జెప్పు బిడ్డా. జర గట్టిగ జెప్పు. మా ఆయన బయట కూసున్నడు, ఆయనకు గూడ ఇనవడాలె."

అందుచేత పాఠక మహాశయులారా, నా ఇష్టదైవం సాక్షిగా మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ నా నాడి నేను చూసుకోను. ఎప్పుడైనా దడ వస్తే, ముందు వాకిట్లోకి ఎవరొచ్చారో చూసి, ఆ తర్వాతే చావును తలుచుకుంటాను.