గాలి పట్టిన తెరచాప

నా చిన్నప్పుడు మా ఇంట్లో 'గాలి' అనే మాటను రెండు గొంతులతో అనేవారు. ఫ్యాను గాలినీ ఎండాకాలపు వడగాలినీ అందరం మామూలు గొంతుతోనే తిట్టుకునేవాళ్ళం. 'పిల్లకు గాలి పట్టింది' అని మా అమ్మ ఇరుగుపొరుగుతో అన్నప్పుడు మాత్రం ఆ మాట గుసగుసగా వచ్చేది. ఆ పిల్లను నేనే. నాకప్పుడు పదేళ్ళు.

మాది చంద్రపూర్ దగ్గర ఘుగ్గుస్‌లో గని కార్మికుల కాలనీ. మా క్వార్టర్ల వెనక బొగ్గు తీసి వదిలేసిన పాత క్వారీ ఒకటి ఉండేది. దాని నిండా నల్లటి నీళ్ళు. ఒకప్పుడు లారీలు దిగిన దారి అలాగే నీళ్ళలోకి దిగిపోయేది, అడుగున ఇంకా ఎక్కడికో పోతున్నట్టు. ఆ నీళ్ళ మీద ఒక్క కొంగ వాలగా నేను చూడలేదు. ఒక మధ్యాహ్నం తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ, నీటి అంచున ఉన్న కాలిబాట వెంట ఆ క్వారీ గోడ అడుగుదాకా వెళ్ళాను. అక్కడ రాతిలో మనిషి దూరేంత బొరియ ఉంది. దాని ముందు కూర్చున్నంతవరకే గుర్తుంది. కళ్ళు తిరిగి పడిపోయిన నన్ను ఎవరో మోసుకొచ్చారట. ఆ తర్వాతి వానలకు నీళ్ళు పెరిగి ఆ కాలిబాట మునిగిపోయింది.

ఆ రోజునుంచీ క్వారీ వైపు నుంచి నన్నెవరో పేరుపెట్టి పిలిచేవారు. అది ఆడగొంతో మగగొంతో తెలిసేది కాదు. కానీ పేరు నాదే, అందులో సందేహం లేదు. పిలుపు వినగానే నా కాళ్ళు వాటంతటవే లేచేవి. చేతిలో పలక ఉంటే పలకతో, అన్నం ముద్ద ఉంటే ముద్దతో నడిచిపోయేదాన్ని. రెండుసార్లు గట్టు అంచున పట్టుకుని వెనక్కి తెచ్చారు. మా నాన్న మాజ్రి దగ్గరి గనిలో పనిచేస్తూ వారానికొక్కసారే ఇంటికొచ్చేవాడు. అమ్మ ఒక్కతే నన్ను కాపలా కాసి కాసి సగమైపోయింది.

చివరికి ఎవరో ఏటి అవతల ఉండే భగత్ పేరు చెప్పారు. ఆయన భూతవైద్యుడు. అమావాస్య నాడు కొడవలి కాల్చి అరికాళ్ళకు వాతలు పెడితే, పిలుపు వినబడ్డా కాళ్ళు కదలవని ఆయన మాట. అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకున్న రోజు నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది. అమ్మ మీద నాకు కోపం వచ్చింది, భయం అంతకంటే ఎక్కువ వేసింది.

ఆ రోజుల్లోనే మా పక్కింటి మామయ్య ఒక పాత పడవ కొనుక్కొచ్చాడు. ఆయన మాకు చుట్టం కాదు. ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి, అమ్మను నోరారా అక్కా అని పిలిచేవాడు. భూగర్భ గనిలో గాలి చూసే పని ఆయనది. గని లోపల మందపాటి పర్దాలు కట్టి, పనివాళ్ళున్న చోటికి మంచి గాలిని మళ్ళించాలి. బదిలీ మీద వెళ్ళిపోతున్న అధికారి ఒకాయన డ్యామ్ చెరువులో సరదాకు తిప్పుకున్న చిన్న తెరచాప పడవ అది. లారీ మీద దిగుతుంటే కాలనీ అంతా నవ్వింది. బొగ్గు మీద ఓడ నడుపుతావా అని అడిగారు.

మామయ్య పట్టించుకోలేదు. పడవ మీద ఉన్న పొడుగాటి కొయ్యనూ, దాన్ని నిలబెట్టే తీగలనూ, రెండు ముక్కోణపు తెరచాపలనూ విప్పి పక్కన పడేశాడు. విశాలమైన చెరువులో అవి బాగానే ఉంటాయి కానీ, గోడల మధ్య గాలి సుడి తిరిగే చోట పడవను బోర్లా వేస్తాయన్నాడు. వయసులో ఉన్నప్పుడు కలకత్తా రేవులో ఒక చీనా వడ్రంగి దగ్గర నేర్చుకున్న పద్ధతిలో కొత్త తెరచాప మొదలుపెట్టాడు. పొట్టి టేకు కొయ్యను పడవ అడుగుదాకా దింపి, ఏ తీగా లేకుండా నిలబెట్టాడు. గనిలో చిరిగి పారేసిన పర్దాలను ఆరు పట్టీలుగా కత్తిరించి కలిపి కుట్టాడు. పట్టీకీ పట్టీకీ మధ్య వెదురు బద్ద కట్టాడు. ఒక్క తాడు లాగితే ఆ తెరచాప మెట్టుమెట్టుగా పైకి లేస్తుంది. కావాలంటే రెండు పట్టీల దగ్గరే ఆపుకోవచ్చు. తాడు వదిలితే వరండాకి కట్టే వెదురు తెరలా మడతలు పడుతూ కిందికి దిగిపోతుంది.

నేను గుడ్డ అంచులు పట్టుకుంటే ఆయన కుట్టేవాడు. అలా కుడుతూ ఒకరోజు, అంతవరకూ ఎవరూ అడగని మాట అడిగాడు.

"ఏ దిక్కుకెల్లి పిలుస్తది బిడ్డా? పొద్దుగాల గూడ పిలుస్తదా?"

పొద్దున ఎప్పుడూ పిలవదనీ, మధ్యాహ్నాలే పిలుస్తుందనీ, మబ్బు పట్టిన రోజు ఇంకా గట్టిగా పిలుస్తుందనీ చెప్పాను. డ్యూటీలో తోటివాడి మాట విన్నట్టే శ్రద్ధగా తలాడించాడు.

అమావాస్య ముందురోజు ఆయన మా గుమ్మంలోకి వచ్చి, ఒక్కసారి పడవెక్కమని అమ్మను అడిగాడు. ఎక్కాక కూడా వాతలు పెట్టించాలనిపిస్తే భగత్ దగ్గరికి తానే తీసుకుపోతానన్నాడు. నీళ్ళంటే అమ్మకు చచ్చేంత భయం. అయినా చెప్పులు వేసుకుంది. వాతలు పెట్టించడం అమ్మకూ ఇష్టం లేదని నాకు అప్పుడు తెలిసింది.

మబ్బు కమ్మిన మధ్యాహ్నం. ఒకప్పుడు లారీలు దిగిన ఆ దారి మీదనుంచే పడవను నీళ్ళలోకి తోశాం. తెరచాప దించే ఉంది, మామయ్య తెడ్డు వేస్తున్నాడు. తెడ్డు చప్పుడు గోడకు తగిలి కాస్త ఆలస్యంగా తిరిగి వచ్చేది, మా వెనకే ఇంకో పడవ వస్తున్నట్టు. బొరియకు ఎదురుగా కొంచెం దూరంలో ఆయన పడవను ఆపాడు. నీటి మీద ఒక్క ముడత లేదు. గట్టు మీద గడ్డిపోచ కదలడం లేదు. అప్పుడు నా పేరు వినిపించింది.

నేను లేచి నిలబడబోయాను. అమ్మ నా జబ్బ పట్టుకుంది. మామయ్య మాత్రం తాపీగా అన్నాడు.

"ఇగో, పిలుస్తుంది. నాకు గూడ ఇనబడుతుంది."

నేను ఆయన ముఖం వంక చూశాను. నన్ను బుజ్జగించడానికి అన్న మాట కాదది. తాడు నా చేతికిచ్చి గుంజమన్నాడు. ఒక పట్టీ లేచింది, రెండోది లేచింది. మూడోది లేవగానే, ఎక్కడా గాలి లేని ఆ క్వారీలో, తెరచాప ఫట్‌మని ఉబ్బింది. వెదురు బద్దలు కిర్రుమన్నాయి. ఎవరో రొమ్ము మీద చెయ్యి వేసి నెట్టినట్టు పడవ వెనక్కి నడవడం మొదలుపెట్టింది. అమ్మ గుర్తొచ్చిన దేవుళ్ళందరినీ పిలిచింది.

"అక్కా, దీనికి గాలి పట్టింది," అన్నాడు మామయ్య. "దీనికి గూడ వాతలు పెట్టిద్దమా?"

అమ్మ తెరచాప వంక చూసింది, నా పాదాల వంక చూసింది. ముందు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది.

"తాడు ఇడువు బిడ్డా," అన్నాడాయన. వదిలాను. మడత మీద మడతగా తెరచాప ఒళ్ళోకి దిగింది. పడవ మెల్లగా ఆగిపోయింది.

ఆ బొరియ వెనక పాత గని సొరంగాలున్నాయనీ, మబ్బు పట్టినప్పుడు ఏళ్ళ తరబడి నిలవున్న గాలిని అవి బయటికి వదులుతాయనీ, దాని ముందు కూర్చున్నవాళ్ళు సొమ్మసిల్లక తప్పదనీ ఆయన అమ్మకు చెప్పాడు. "నీ బిడ్డకు గాలి పట్టింది నిజమే అక్కా. గని గాలి," అన్నాడు. అమ్మ తప్పు చేసిందని ఒక్క మాట అనలేదు.

తిరిగి వస్తుంటే నాకు అనుమానం తీరలేదు. గాలి సరే, నా పేరు దానికెలా తెలుసని అడిగాను. మామయ్య తెడ్డు వేస్తూనే చెప్పాడు.

"అది నాకెరుకలేదు బిడ్డా. ఇరవై ఏండ్ల సంది నన్ను గూడ పిలుస్తుంది. నేను పోలే. పిలిస్తే పోవాల్నా ఏంది?"

మర్నాడు అమ్మ నన్ను ఏరు దాటించలేదు. ఆ తర్వాత పిలుపు వచ్చినప్పుడల్లా నా పక్కన చాప మీద కూర్చుని, పిలిచిందా అని అడిగేది. పిలిచిందని చెప్పేదాన్ని. సరే కూచో అనేది. కొన్నాళ్ళు నా కాళ్ళు లేవబోయేవి, తర్వాత అదీ మానేశాయి. మామయ్య ఆ పడవను తర్వాత డ్యామ్ చెరువుకు తీసుకుపోయాడు. క్వారీని గని మట్టితో పూడ్చేశారు. ఇప్పుడక్కడ తుమ్మచెట్లు ఉన్నాయి.

నేను చంద్రపూర్ వచ్చి ఎన్నో ఏళ్ళయింది. మబ్బు పట్టిన మధ్యాహ్నాలు ఇప్పటికీ నా పేరు వినిపిస్తుంది. డాక్టరుకు చెప్పాను, ఆయన చెవులు చూసి బాగానే ఉన్నాయన్నాడు. అమ్మ చనిపోయిన ఏడాదినుంచి ఆ గొంతు మారింది. ఇప్పుడు అచ్చం అమ్మలాగే పిలుస్తుంది, పేరు చివర కాస్త సాగదీసి. వెళ్ళాలనిపిస్తుంది, దాచడం ఎందుకు. కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని, ఆ పిలుపు పూర్తయ్యేదాకా వింటాను. వెళ్ళను.