లస్మయ్య కాకా మళ్ళీ పడ్డాడు

లస్మయ్య కాకాకు ఉన్నది ఒక్కటే అలవాటు. ఆదివారం వచ్చిందంటే చాలు, పాపం ఒప్పుకుంటాడు. అవైనా రకరకాల పాపాలా అంటే, కాదు. ఒకటే పాపం. తొమ్మిదేళ్ళుగా అదే పాపం, అదే మాట, అదే చొక్కా జేబులోంచి అదే పొట్లం.

డిండోలిలో ఒక కిరాణా దుకాణం మీద రేకుల హాలుంది. సిరిసిల్ల వైపు నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి సూరత్ వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఓ నలభై దాకా అక్కడ ఆరాధనకు చేరతాయి. వాక్యం చెప్పడం అయిపోయాక పాస్టరు రాజమల్లు అయ్యగారు కళ్ళద్దాలు తీసి, "ఎవరికన్న దేవుని ముందర ఒప్పుకునేది ఉంటే ముందటికి రండ్రి" అంటారు. ఆ మాట నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంటుంది. లస్మయ్య కాకా మోకాళ్ళు పట్టుకుని లేచి, ముందుకు నడిచి, జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టి, తల వంచుకుని, "అయ్యగారూ, మల్ల పడ్డ" అంటాడు.

పొట్లంలో ఉండేది మావా. పోకచెక్క, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపి బుగ్గన పెట్టుకునే సరుకు. సాంచా తిప్పే మగవాళ్ళలో అది లేని బుగ్గ కావాలంటే దీపం పట్టుకుని వెతకాలి. కాబట్టి పాపం పెద్దదేమీ కాదు. కానీ కాకా దాన్ని ఒప్పుకునే తీరు చూస్తే మాత్రం ఏదో బ్యాంకు దోచి వచ్చినట్టే ఉంటుంది.

చీరలకు లేసు కుట్టే సంధ్య ఆ సంఘంలో చేరిన కొత్తలో ఆ దృశ్యం చూసి ఏడ్చేసింది. రెండో వారం కళ్ళు తుడుచుకుంది. మూడో వారం పక్కనున్నామె మొహం చూసింది. ఆమె చల్లగా, "ప్రతివారం ఉంటది. నువ్వు సంచి సర్దుకో, దీనెంకనే ఆఖరి పాట" అంది. సంఘమంతా గడియారం బదులు కాకాను చూసుకునేది. ఇళ్ళలో కుక్కరు పెట్టి వచ్చిన ఆడవాళ్ళకు ఆయన పాపం ఎంత మేలు చేసిందో చెప్పలేం.

పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. సంధ్య నాలుగేళ్ళ కొడుకు ఒకనాడు హాలు మెట్ల మీద జారి, మోకాలు చెక్కుకుపోయి, ఏడవకుండా లేచి, చేతులు కట్టుకుని, "అయ్యగారూ, మల్ల పడ్డ" అన్నాడు. భేస్తాన్‌లో కాకా పనిచేసే షెడ్డులో సాంచా మాటిమాటికి ఆగిపోతే, "దీనికి లస్మయ్య రోగం వచ్చింది" అనేవాళ్ళు. ఆ మాట విన్నా కాకాకు కోపం రాదు. "దానికి లేవడం గూడ వస్తది గదరా" అని నవ్వి, తెగిన పోగు ముడేసి మళ్ళీ నడిపించేవాడు.

ఒకసారి బార్డోలీ నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. గొంతు పెద్దది. రెండు గంటలు ఉరిమాడు. చివర్లో కాకా లేచి వచ్చి పొట్లం పెట్టేసరికి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన మాటకే ఈ ముసలి ప్రాణం కరిగిపోయిందని కాకాను కావలించుకున్నాడు. తర్వాత ఏడాదంతా పోయిన ప్రతి ఊళ్ళోనూ ఆ సాక్ష్యమే చెప్పాడట. మరుసటి ఏడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఉరిమాడు. మళ్ళీ కుర్చీ కిర్రుమంది. కాకా ఆయన్ను గుర్తుపట్టి, "బాగున్నరా అయ్యా" అని పలకరించి మరీ పొట్లం పెట్టాడు. ఆయన మళ్ళీ డిండోలి వైపు రాలేదు.

కాకా భార్య వినోద మాటకారి. తోటివాడిని ఎన్నిసార్లు క్షమించాలంటే ఏడు డెబ్బైల సార్లని ప్రభువు చెప్పిన మాట ఒక ఆదివారం వాక్యంలో వచ్చింది. హాలు దిగుతూ వేళ్ళ మీద లెక్క వేసింది. "నాలుగువందల తొంభై. ఏడాదికి యాభై రెండు వారాలు. ముసలోడా, నీ కోటా అయిపోవస్తంది. వచ్చే ఏడు నుంచి నరకానికి పాసు తీస్కోవాలె" అంది. కాకా గాభరాగా రాజమల్లు అయ్యగారి దగ్గరికి వెనక్కి పోయి, "నిజమేనా అయ్యగారూ" అని అడిగాడు. అది మనుషులకు పెట్టిన లెక్క, దేవుడికి లెక్కలు రావు అని అయ్యగారు చెప్పాక గానీ కుదుటపడలేదు.

ఇంత నవ్వుల్లోనూ నవ్వు రానిది సంధ్యకే. ఆమె భర్త శివకృష్ణ చెయ్యి బంగారం, మనసు వెన్న, గొంతు మాత్రం ఎంత పోసినా నిండని ఓటికుండ. గుజరాత్‌లో మందు బంద్. బంద్ కనుకనే ప్లాస్టిక్ పొట్లీల్లో సందుసందునా దొరుకుతుంది. రెండేళ్ళ కింద ఒక ఆదివారం శివకృష్ణ అందరి ముందుకు వచ్చి, ఇక తాగనని ఏడ్చాడు. తాపీ నదిలో బాప్తిస్మం తీసుకున్నాడు. సంధ్య ఆ రోజు పాయసం చేసింది. మూడు వారాల తర్వాత అతను తూలుకుంటూ ఇంటికొచ్చాడు.

అంతే. ఆ తర్వాత హాల్లోకి అడుగు పెట్టలేదు. భార్యాపిల్లల్ని మెట్ల దాకా తెచ్చి, తాను కిందే కిటికీ నీడన కూర్చునేవాడు.

"పైకి రావొచ్చు గద" అని సంధ్య బతిమాలేది.

"ఒక్కసారి ఏడ్చి చెప్పిన. మల్ల గదే చేసిన. మల్ల ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? దేవుని తోని మజాక్ అనుకుంటున్నవా?"

"లస్మయ్య కాకా చెప్తలేడా?"

"కాకాది మావా. నాది మందు" అని అతను తల తిప్పుకునేవాడు. కానీ పైన కుర్చీ కిర్రుమనగానే మాత్రం చెవి రిక్కించేవాడు. "మల్ల పడ్డ" వినబడగానే ఒక చిన్న నవ్వు నవ్వేవాడు. వారం మొత్తానికి అతని మొహంలో నవ్వు కనబడేది అప్పుడే. రాను రాను తాగే రోజులు ఎక్కువయ్యాయి. పనిలోంచి ఎప్పుడు తీసేస్తారో, ఏ రోడ్డు పక్కన పడి ఉంటాడో అని సంధ్యకు దిగులు. ఇక ఈ మనిషి దేవుడి వైపు తిరగడేమో, తనవైపూ తిరగడేమో అన్న భయం ఆమెను లోలోపల తినేసేది.

అటువంటి ఒక ఆదివారం పొద్దున పిల్లాడికి బిస్కెట్ పుడా కొందామని సంధ్య మూలమీది పాన్ గల్లాకు, అంటే పాన్ కొట్టుకు, పోయింది. అక్కడ లస్మయ్య కాకా. ఉతికిన చొక్కా, దువ్విన తల, చంకలో బైబిలు. మావా పొట్లం కొని జేబులో వేసుకుని హాలు వైపు నడిచిపోతున్నాడు.

సంధ్యకు ఒళ్ళు మండింది. ఎక్కడో వారం మధ్యలో జారితే సరే. ఆరాధనకు పోతూ పోతూ పాపం కొనుక్కుని పోవడమా? ఈయన్ను చూసి నవ్వుతూ కింద కూర్చున్న తన మొగుడు గుర్తొచ్చాడు.

"చూసిన్రా జయంతిభాయ్, ఈ ముసలాయన నాటకం" అంది గల్లా ఆయనతో, తనకు వచ్చిన హిందీలో.

జయంతిభాయ్ సున్నం డబ్బా మూత పెడుతూ నవ్వాడు. "కాకా ఖాతా హీ నహీ, బెహన్" అన్నాడు. తినడే తినడట. రెండేళ్ళయిందట. వారానికి ఒక్కటే, ఆదివారం పొద్దునే కొంటాడు. నలపొద్దంటాడు, సున్నం అసలే వెయ్యొద్దంటాడు. "సున్నం లేని మావా ఎవడు తింటాడమ్మా? మేక కూడా తినదు."

సంధ్య బిస్కెట్లు మర్చిపోయి పరుగెత్తింది. కాకా హాలు మెట్ల మీద సగంలో మోకాలికి విశ్రాంతి ఇస్తూ కూర్చుని దొరికాడు.

"కాకా, నువ్వు మావా విడిచిపెట్టినవా?"

కాకా అటూ ఇటూ చూశాడు. దొరికిన దొంగ మొహం అంటే అదే. "మెల్లగ మాట్లాడు బిడ్డా."

"ఎప్పుడు?"

"రెండేండ్లు దాటింది."

"ఎట్ల విడిచినవ్?"

"నాకేం ఎరుక? పోగు తెగినప్పుడల్లా ముడేసుకుంట వచ్చిన. ఒకనాడు చూస్తే పోగు తెగుతలేదు. దిల్ అడుగుతలేదు. నా బలం అయితే కాదు, నా బలం ఎంతుందో ఏడేండ్లు అందరు చూసిన్రు గద."

"మరి ప్రతివారం పడ్డ, పడ్డ అని ఎందుకు చెప్తున్నవ్?"

కాకా బైబిలు అట్ట గోకాడు. "ఆ వారం నేను గెలిచిన అని చెప్పుదామనే లేచిన. ముందటికి పోయి నిలవడ్డ. ఎనకనుంచి నీ పెనిమిటి వచ్చిండు. నా చెవిల ఏమన్నడో తెల్సా? 'కాకా, నువ్వు గిన్నిసార్లు వచ్చినవ్ గదా అని ధైర్యం చేసి వచ్చిన' అన్నడు. ఇగ నేనేం చెప్పాలె? నేను గెలిచిన అంటే పోరడు ఒక్కడే ఓడినోడు అయితడు. నోట్లకెళ్ళి అదే పాత మాట వచ్చింది."

"తర్వాత అతను రాలేదు గదా కాకా."

"రాలే. అందుకే బంద్ చెయ్యలే. కింద కూసుంటడు, ఇంటడు. ఎన్నడో ఒకనాడు మెట్లెక్కి వస్తడు. వచ్చిననాడు లైన్ల ముందట ఎవడో ఒకడు ఉండాలె గద బిడ్డా. ఒక్కడే నిలవడాలంటే ఎవడొస్తడు?"

ఊరంతా నవ్వితే నవ్వనీ అని ఒక మనిషి రెండేళ్ళుగా వారం వారం తన పరువు తీసుకెళ్ళి బల్ల మీద పెడుతున్నాడు. అదీ తన మొగుడి కోసం. ఆయన మోకాళ్ళ కేసి చూసింది, పాతబడ్డ చెప్పుల కేసి చూసింది. ఇన్నాళ్ళూ ఈయన్ను చూసి సంచి సర్దుకున్నందుకు సిగ్గేసింది.

"శివకు చెప్పకు. చెప్తే నా కోసం వస్తడు, దేవుని కోసం గాదు" అన్నాడు కాకా.

సంధ్య చెప్పనని మాటిచ్చింది. ఆ మాట మధ్యాహ్నం అన్నం వడ్డించేదాకా నిలిచింది.

శివకృష్ణ అంతా విని ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు. "సున్నం లేకుండనా?"

"సున్నం లేకుండనే."

"ముసలోడు" అన్నాడు. చెయ్యి కడుక్కుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదలడం సంధ్యకు కనబడింది.

మరుసటి ఆదివారం రాజమల్లు అయ్యగారు కళ్ళద్దాలు తీశారు. "ఎవరికన్న..." అన్నారు. మూడో వరస కుర్చీ కిర్రుమనే లోపలే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. శివకృష్ణ గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, నేరుగా ముందుకు నడిచి, "అయ్యగారూ, మల్ల పడ్డ. చానాసార్లు పడ్డ" అన్నాడు.

లస్మయ్య కాకా లేచి పోయి అతని పక్కన నిలబడ్డాడు. అలవాటుగా పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. నోరు తెరిచాడు. మూశాడు. "అయ్యగారూ, నేను పడలే. రెండేండ్ల సంది అబద్ధం చెప్తున్న. క్షమించుండ్రి" అన్నాడు.

సంఘం మొత్తం కుర్చీల అంచుకొచ్చింది. రాజమల్లు అయ్యగారు తీరిగ్గా కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఎరుకనే కాకా. నేను గూడ ఇరవై ఏండ్లు సాంచాలు నడిపినోణ్ణే. సున్నం లేని మావా మొదటి వారమే గుర్తువట్టిన."

"మరి అడగకపోతిరి?"

"ఎవరి కోసం తెస్తున్నవో ఆయన వచ్చేదాక ఆగుదామనుకున్న. గని కాకా, అబద్ధం అబద్ధమే. ఇగ తేకు" అని ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి ప్రార్థన చేశారు. ఆ నెలలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆ రోజే. రొట్టె ముక్క అందుకుంటూ శివకృష్ణ వెక్కి వెక్కి ఏడ్చాడు. వినోద కళ్ళొత్తుకుంటూ సంధ్య చెవిలో, "విడిచిపెట్టిండని నాకు ఎరుకనే. రెండేండ్లు నా మొగణ్ణి మావా కాకా అంటుంటే కడుపు మండింది గని, నోరు కట్టేసుకున్న" అంది.

కథ అక్కడితో అయిపోతే బాగుండు. కానీ మనిషి గొంతు అంత తొందరగా మాట వినదు. మూడు నెలలు నిలిచి, శివకృష్ణ ఒక శనివారం మళ్ళీ తాగాడు. ఆదివారం పొద్దున సంధ్య ఏమీ అడగలేదు. అడిగే ధైర్యం లేక పిల్లాడి తల దువ్విందే దువ్వింది. శివకృష్ణ చొక్కా వేసుకుని, తనే ముందు మెట్లెక్కాడు.

అయ్యగారు కళ్ళద్దాలు తీయగానే అతను లేచాడు. "మల్ల పడ్డ" అన్నాడు. వెనక వరసల్లో ఎవరో గుసగుసగా ఏదో అన్నారు.

అప్పుడు మూడో వరసలో కుర్చీ కిర్రుమంది. లస్మయ్య కాకా మోకాళ్ళు పట్టుకుని లేచాడు. మెల్లగా నడిచి పోయి శివకృష్ణ పక్కన నిలబడ్డాడు. ఖాళీ చేతులు, ఖాళీ జేబు.

"నీదేంది కాకా?" అని అడిగారు అయ్యగారు.

"నాదేం లేదయ్యగారూ" అన్నాడు లస్మయ్య కాకా. "ఊకెనే నిలవడ్డ. పిలగాడు ఒక్కడున్నడని."

సంధ్య ఆ ఆదివారం సంచి సర్దుకోలేదు. ఇంట్లో కుక్కరు ఎన్ని ఈలలు వేసిందో కూడా ఆమెకు పట్టలేదు.