దసరా రంగు కింద

నిన్న పెదకాకాని రైలు గేటు దగ్గర నా పక్కన ఒక పాత కారు ఆగింది. దాని రేడియోలో పాటకంటే ముందు రొద వినిపించింది. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ జోరెక్కే టకటక. ముందున్న లారీలోని మిరపకాయల ఘాటుకు తుమ్మబోయినవాణ్ణి తుమ్ము మరచిపోయి యోహాను గారిని తలుచుకున్నాను. నా మాటలకు మిర్చి యార్డులో తూకానికి తీసినట్టు తరుగు తీసి వినమని మా ఆవిడ అందరికీ చెబుతుంది. తీయండి, తప్పులేదు. ఈ ఒక్క సంగతికి మాత్రం తరుగు వద్దు.

గుంటూరులో నేను కార్ల రిపేరు షెడ్డు పెట్టి అప్పటికి పదేళ్ళు. రైతు వెంకటేశ్వర్లు గారి పాత కారులో, వాళ్ళ నాన్న బిగించుకున్న రేడియో ఇలాగే రొద పెడుతుంటే, రెండుసార్లు విప్పి చూసి "చచ్చిందండీ" అని తీర్పు చెప్పేశాను. కొత్తది పట్టాలంటే డాష్‌బోర్డు కోయాలి. రంపం కూడా సిద్ధం చేశాను. ఆయనకు మనసొప్పక, చర్చిలో మైకులు చూసుకునే యోహాను గారిని వెంటబెట్టుకొచ్చారు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఒక వైరు ముక్క. అంతే.

"ఏం బాబూ, పోస్ట్‌మార్టం అయిందా?" అన్నారు నన్ను చూసి.

ఇంజను ఆపించారు. రొద పోయి పాట మిగిలింది. "చచ్చినోడు ఇంత బాగా పాడతాడా?" అన్నారు. మళ్ళీ ఇంజను వేయించి, రేడియో వెనక ఏరియల్ తీగ పీకారు. ఈసారి పాటతోపాటు రొదా పోయింది. "కరెంటు తీగలోంచి వచ్చేదైతే ఇప్పుడూ వినపడాలి. ఇది గాల్లోంచి వస్తోంది. ఇంజను అరుస్తుంటే రేడియోని కొడతావేంటయ్యా?"

ఏరియల్ తగిలించి, వైరు ముక్క ఒక కొస ఇంజనుకూ రెండో కొస బాడీమీద గీరిన చోటా ఆనించారు. టకటక తెగిపోయింది. పాట అయిపోయి, పత్తి పురుగు గురించి చెబుతున్న ఆడగొంతు మా మధ్యే నిలబడి మాట్లాడినట్టు వినిపించింది. వైరు తీస్తే రొద, పెడితే గొంతు. సముద్రం రెండుగా చీలిందని వాళ్ళ చర్చిలో చెబితే నవ్వేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు.

రేడియో రొద అణచడానికే ఇంజనునుంచి బాడీకి వేసిన సన్నని ఎర్తు పట్టీ ఒకటి అప్పటికే ఉంది. యోహాను గారు దాని బోల్టు విప్పారు. కింద వెండిరంగు. గీరితే ఇంకో పొర. ఉల్లిపాయలా ఏడు. ఇనుము ఇనుమును తాకాల్సిన చోట రంగు అడ్డం పడింది. ఏటా దసరాకి ఆయుధపూజ ముందు ఆ పట్టీ విప్పి మరీ కింద రంగు కొట్టిన పనిమంతుణ్ణి నేనే.

"ఇంత రంగు ఎక్కడిదండీ?" అన్నారు వెంకటేశ్వర్లు గారు.

"మీ నాన్నగారి కాలందేనండీ" అన్న అబద్ధం నా నాలుక కొసదాకా వచ్చింది. యోహాను గారు నావైపు చూసి, రేడియో సౌండు తగ్గించారు.

"రొద పోయిందిగా బాబూ. ఇక నువ్వు చెప్పు."

"నేనేనండీ," అన్నాను. "రేడియోది తప్పు లేదు."

వెంకటేశ్వర్లు గారు తిట్టలేదు. బల్లమీది రంపం తీసి నా చేతిలో పెట్టారు. దానికంటే తిట్టుంటే బాగుండేది. యోహాను గారు మాత్రం గరుకు కాగితం ముక్క చేతికిచ్చి, "రుద్దు" అన్నారు.

ఆయన పోయి చాలా కాలమైంది. దసరాకి ఇప్పటికీ రంగు కొడతాను, కథలూ కొడతాను. ఏ కారుకైనా ఆ బోల్టు కింద మాత్రం రూపాయి బిళ్ళంత చోటు వదిలేస్తాను. అక్కడ ఇనుము మెరుస్తూ ఉంటుంది.